తూకం రాయి

సారిక నడుముకు చుట్టిన పట్టీ తుమ్మెదలా కాసేపు సన్నగా రొద పెట్టి ఊరుకుంది. బల్ల మీది తెరలో అంకె వెలిగింది. అంకెకు ముందు ఒక చిన్న అడ్డగీత.

సదానందం కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. అడ్డగీత అక్కడే ఉంది.

"ఇదేంటి మాస్టారూ, మైనస్సా?" అన్నాడు జగన్నాథం.

గోదావరి వరద రక్షక దళానికి మనుషుల్ని ఎంపిక చేసే అధికారి ఆయన. రాజమండ్రి వైపు మనిషి. వస్తానన్న మాటకు కట్టుబడి, హనుమకొండలోని ఆ డిగ్రీ కాలేజీ రెండో అంతస్తులో ఉన్న పాత ఫిజిక్స్ ల్యాబు దాకా మెట్లెక్కి వచ్చాడు.

"సున్న అంటే సన్నగా, ఆరోగ్యంగా ఉన్న మనిషి లెక్క అని మీరే చెప్పారు. ఈ అమ్మాయి ఎనభై ఆరు కిలోలు. ఆ సన్నటి మనిషి కంటే ఈమె పొట్టలో కొవ్వు తక్కువ, అదీ ఇంత తక్కువంటే నేను పైవాళ్లకి ఏమని రాయనండీ?"

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన సదానందం, క్లాసులో పాఠం మరిచిపోయిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

జగన్నాథానికి జాలేసినట్టుంది. గొంతు తగ్గించి, "మా ఇంట్లో వంటింటి త్రాసూ ఇలాగే చేస్తుంది లెండి. మేడారం జాతర అయ్యాక మళ్లీ వస్తాను. అప్పటికి సరిచేసుకోండి. అప్పుడూ ఇదే వరసైతే మాత్రం రూలు రూలే. ఎర్ర కార్డు వాళ్లని నేను ఏట్లోకి దింపలేను," అని మెట్లు దిగిపోయాడు.

సారిక పట్టీ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. "తప్పు నాదా బాపూ, దీనిదా?" అంది.

"దీనిదే బిడ్డా. మల్ల కుడతా."

"ఎన్నిసార్లు కుడతవు? అమ్మ మిషను గూడ అలసిపోయింది."

ఆమె నవ్వుతూనే అంది. కానీ కిటికీ వైపు తిరిగి అంది.

అందరి దగ్గరా ఆరోగ్య కార్డులు ఉండే కాలం అది. బరువుకూ ఎత్తుకూ లెక్కగట్టి తీసే బీఎంఐ అనే అంకె డాక్టర్ల గదుల్లోంచి ఎప్పుడో బజారులోకి వచ్చేసింది. అంకె తక్కువైతే పచ్చ కార్డు, కాస్త పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. బీమాకు అదే కార్డు, కొలువుకు అదే, ఆఖరికి ఈతకొలను గేటు తెరుచుకోవాలన్నా అదే. సారిక అంతకు ముందటేడు మంగపేట వరదలో పడవ తిరగబడితే ఇద్దర్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగిన పిల్ల. ఆ దళంలో చేరాలని అప్పటినుంచీ పట్టుదల. వయసు హద్దు ప్రకారం ఆమెకు ఈ ఏడే ఆఖరి అవకాశం. ఎంపిక బోర్డు వాళ్లు పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టి, నీళ్ల దగ్గరికే రానివ్వలేదు.

సదానందం ఆ పట్టీకి పూనుకున్నది మాత్రం కూతురి కోసం కాదు. భార్య అనసూయ కోసం, అదీ ఆమె పోయాక.

అనసూయ జాజితీగలా సన్నగా ఉండేది. కార్డు ఎప్పుడూ పచ్చ. గుండె ఆగిపోయిన వారంలో కూడా పచ్చే. ఆ రోజు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న నఫీసా అనే కుర్ర డాక్టరు బయటికి వచ్చి, నిలబడి చెప్పి వెళ్లిపోకుండా బల్ల మీద ఆయన పక్కన కూర్చుంది. ఆ కూర్చోవడం సదానందం ఇప్పటికీ మరిచిపోలేదు. "కాలేయంలో, పేగుల చుట్టూ, గుండె చుట్టూ కొవ్వు చేరింది సార్. పైకి తెల్వదు," అంది.

"అంత సన్నగుండె గదమ్మా."

"సామాను అటక మీద ఎంతున్నా ఇంటికేం గాదు సార్. పొయ్యి చుట్టు పేర్చుకుంటెనే నిప్పు అంటుకునేది. తొడలకు, తుంటికి పట్టే కొవ్వు అటక మీది సామాను లెక్క. పొట్ట లోపల చేరేదే పొయ్యి చుట్టు చేరేది. తక్కెడకు రెండూ ఒక్కటే. అది ఎన్ని కిలోలో చెప్తది, ఏడున్నదో చెప్పదు."

ఆ మాట ఆయన్ని పట్టుకుంది. అనసూయ కుండలు కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. బీట వేసినదేదో, బాగా కాలనిదేదో మోతలోనే చెప్పేది. మనిషి పొట్టనూ అలా వినకూడదా? చెవికి అందనంత మెత్తటి మోతను పంపి, తిరిగొచ్చేదాన్ని పట్టుకుంటే? ఆమె కుట్టు మిషను మీదే దుప్పటి గుడ్డతో పట్టీ కుట్టాడు. రూపాయి బిళ్లంత పలకల్ని వరసగా లోపల అమర్చాడు. నఫీసా సాయంత్రాలు వచ్చి, కాలేయం ఎక్కడ మొదలవుతుందో ఆయన పొట్ట మీదే పెన్నుతో గీసి చూపించేది. మూడేళ్లు పట్టింది.

పట్టీకి ఒక మొదలు కావాలి. ఏదో ఒక ఆరోగ్యమైన ఒంటి మోతను గుర్తు పెట్టుకుంటే, మిగిలినవాళ్లు దానికంటే ఎంత ఎక్కువో చెబుతుంది. ఆ ఒళ్లు ఎవరిదని ఆలోచించే పని కూడా లేకపోయింది. పట్టీ ఉన్నది సదానందం నడుముకే. పచ్చ కార్డు, ఇరవై ఏళ్లుగా కదలని యాభై ఎనిమిది కిలోలు, సిగరెట్టు లేదు, మిఠాయి ముట్టడు. ఆయనే సున్న అయ్యాడు.

మొదట్లో కొన్నాళ్లు సాఫీగానే నడిచింది. బక్కగా ఉన్నవాళ్లు చాలామంది సున్న దగ్గర తేలారు. "బాగున్నరు, నా లెక్కనే ఉన్నరు," అని చెప్పి పంపాడు. లావుగా ఉన్నవాళ్లలో కొందరికి అంకె పెద్దదిగా వచ్చింది, అదీ అనుకున్నట్టే. ఆ తర్వాతే అడ్డగీతలు మొదలయ్యాయి. గడ్డపార పట్టే కూలీకి, కూరగాయల గంప మోసే ఆమెకు, చివరికి సారికకు. తనకంటే కాస్త తక్కువంటే నమ్మేవాడే. ఇంత తక్కువంటే పట్టీలో ఏదో చెడిందన్నమాట. విప్పడం, కుట్టడం, విప్పడం, కుట్టడం.

*

జాతరకు పది రోజులుందనగా, అన్నంలో చారు పోసుకుంటూ సదానందం మెల్లగా కదిపాడు.

"బంగారం తూపియ్యాలె బిడ్డా. దుకాణంల తరవాత దొరకదు."

మేడారం తల్లులకు మనిషెత్తు బెల్లం ఇస్తారు. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. సారిక పాలు తాగే వయసులో కామెర్లతో చావు అంచుదాకా వెళ్లి బతికింది. సారలమ్మ పేరు కలిసొచ్చేలా సారిక అని పెట్టి, ప్రతి జాతరకూ పిల్ల బరువుకు సరితూగే బంగారం ఇస్తానని అనసూయ మొక్కుకుంది. మొదటిసారి బెల్లం ఒక చేతిసంచిలో పట్టింది. తర్వాత సంచి పెద్దదైంది, తర్వాత గోనె అయింది, ఆ తర్వాత ఆటో మాట్లాడాల్సి వచ్చింది. అనసూయ పోయాక సారిక కాంటా ఎక్కలేదు. సదానందమే కార్డు మీది అంకె చూసి బెల్లం కొని ఇచ్చి వస్తున్నాడు.

"కార్డు మీద ఉన్నది గద. అదే చెప్పి కొనుక్కరా."

"కూసుంటెనే మొక్కు అనేది మీ అమ్మ."

"నేను బజార్ల కూసోను బాపూ. ఎర్ర సుక్క పెట్టి బోర్డోళ్లు ఒకసారి తూచిండ్రు, సాలదా? మల్ల లైన్ల నిలబడ్డోళ్లందరు చూడాల్నా?"

పొరుగింటి వాళ్ల పిల్లి గుమ్మంలోకి వచ్చి, రోజూ దొరికే పెరుగన్నం కోసం కూర్చుంది. సదానందం దానికి ముద్ద పెట్టి వచ్చి అన్నాడు.

"మీ అమ్మ నిన్ను తూచి ఒక్కసారే ఏడ్చింది, తెల్సా?"

"ఎప్పుడు?"

"ఆరో తరగతిల నీకు టైఫాయిడు వచ్చింది సూడు, ఆ ఏడు. పోయినసారికంటె బెల్లం తక్కువైంది. దుకాణంల నిలబడే ఏడ్చింది. పెరిగినప్పుడు ఎన్నడు ఏడ్వలే. 'ఇగో, నా బిడ్డె ఇంత బంగారమైంది' అని లైన్ల అందరికి సూపెట్టేది."

సారిక కంచంలో వేళ్లు ఆడిస్తూ కూర్చుంది. "పొద్దుగాలనే పోదాం మరి, మంది రాకముందే," అంది చివరికి.

*

పొద్దున్నే వెళ్లినా మంది ఉన్నారు. బీటుబజారులో కటకం నాగభూషణం దుకాణం ముందు లైను రోడ్డు దాకా సాగింది. నాగభూషణం తలకు తువ్వాల చుట్టుకుని, తూగిన ప్రతి మనిషి చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టి పంపుతున్నాడు. ఆయన తాత నాటి అలవాటు అది.

వీళ్ల వంతు వచ్చేసరికి కరెంటు కాంటా అద్దంలో అంకెలన్నీ కలగాపులగంగా మెరిసి ఆరిపోయాయి. నాగభూషణం దాని నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. అది మళ్లీ వెలగలేదు.

"పొద్దటిసంది కూలబడుతనే ఉన్నది సారూ. పెద్ద రాళ్లన్ని లారీల మేడారం పోయినయ్. పాత కాంటా ఉన్నది గాని దానికి రాళ్లు లెవ్వు." దూలానికి వేలాడుతున్న పెద్ద పళ్లేల కాంటాను చూసి, సదానందాన్ని చూసి, ఒక్క క్షణం ఆలోచించాడు. "సారూ, మీ బరువెంత?"

"యాభై ఎనిమిది. ఇరవై ఏండ్లసంది అదే."

"ఇరవై ఏండ్లసంది అరగని రాయి నాకేడ దొరుకుతది? మీరే కూసోండ్రి. ఒక దిక్కు బిడ్డె, ఒక దిక్కు మీరు. తక్కువైన కాడికి కిలో బెల్లం అచ్చులు పేరుస్త. మీ యాభై ఎనిమిది, నా అచ్చులు కలిపితే బిడ్డె బరువు."

లైనులో నవ్వులు లేచాయి. "రాయి కంటె సారే బక్కగున్నడు," అన్నారెవరో. సారిక కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి సదానందం ఇంకేమీ అనకుండా పళ్లెంలోకి ఎక్కి మఠం వేసుకుని కూర్చున్నాడు. మాఘమాసపు చలి, ఒంటి నిండా శాలువా. అవతలి పళ్లెంలో సారిక కూర్చోగానే ఆయన గాల్లోకి లేచాడు. నాగభూషణం ఆయన చుట్టూ అచ్చులు పేరుస్తూ పోయాడు. మోకాళ్ల చుట్టూ బెల్లం గోడ లేచింది. కొత్త బెల్లం వాసన. అనసూయ ఈ వాసనకు కళ్లు మూసుకునేది.

పళ్లేలు ఊగి ఊగి సమంగా నిలిచాయి.

"ఇరవై రెండు అచ్చులు. మీయి యాభై ఎనిమిది. ఎనభై."

"ఎనభయ్యా?" అంది సారిక. "బోర్డోళ్లు ఎనభై ఆరని గుద్దిండ్రు గద నాగభూషణం కాకా. ఆరు కిలోలు యాడ పోయినయ్?"

"పోతే పోనియ్ బిడ్డా. ఎవలన్న తగ్గితే సంబురపడతరు, నువ్వు లెక్కలడుగుతున్నవు."

"అమ్మవారి కాడ తక్కువ పెడతమా? నీ కాంటాలనే ఏదో ఉన్నది."

"నా కాంటాకేం రోగం? నీ ముంగటనే ఒట్టి పళ్లేలు సూపెట్టిన, సమంగ నిలవడలేదా?"

"నిలవడ్డయ్."

"అచ్చులు కిలో కిలో అవునా?"

"అవును."

"ఇగ మిగిలింది మీ బాపే."

సదానందం దిగబోయాడు. శాలువా జారింది. ఒళ్లో ఉన్న గుడ్డసంచి పళ్లెం అంచుకు తగిలి ఠంగుమంది. పట్టీ, దాన్ని నడిపే కాలేజీ పాత బ్యాటరీ ఆ సంచిలో ఉన్నాయి. ఎక్కడ పెడితే ఎవరు తన్నుతారోనని ఆయన దాన్ని చంటిపిల్లలా ఒళ్లోంచి దించడు.

"బాపూ, గది ఒళ్లె పెట్టుకోనే కూసున్నవా?" సారిక పళ్లెంలోంచి దూకి, సంచి అందుకుని ఎత్తి చూసింది. "ఆరు కిలోలు ఈడున్నయ్. నీ శాలువ కింద."

లైనంతా ఘొల్లున నవ్వింది. నాగభూషణం నెత్తి కొట్టుకుని, "రాయే దొంగరాయి అయినంక కాంటా ఏం జేస్తది సారూ," అని సంచి కింద పెట్టించి మళ్లీ తూచాడు. ఈసారి ఇరవై ఎనిమిది అచ్చులు పట్టాయి. సారిక తన బెల్లం ముక్క నోట్లో వేసుకుని, తండ్రి ముక్క కోసం చెయ్యి చాచింది.

ఆయన ఇవ్వలేదు. ముక్కను అరచేతిలో అలాగే పట్టుకుని కాంటా వైపు చూస్తున్నాడు.

"ఏమైంది బాపూ?"

"నేను బరువుంటె నువ్వు తేలికైనవు," అన్నాడు మెల్లగా. "అడ్డగీతలు నాయి బిడ్డా. నీయి గావు."

*

ఆ సాయంత్రం నఫీసా వచ్చేదాకా ఆయన ల్యాబులో బల్లల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఆమె రాగానే పట్టీలో దాచిన తన ఒంటి మోతను చెరిపేశాడు. దాని చోట సారికది ఉంచాడు. తర్వాత చొక్కా పైకెత్తి తన నడుముకు కట్టుకున్నాడు.

పట్టీ రొద పెట్టి ఊరుకుంది. అంకె వెలిగింది. ముందు అడ్డగీత లేదు. అంత పెద్ద అంకె ఆ తెర మీద అంతవరకూ చాలా తక్కువమందికి వచ్చింది.

నఫీసా పాత పెన్ను గీతలు గుర్తొచ్చినట్టు ఆయన పొట్ట వైపు చూసింది. "మూడేండ్లు మీ పొట్ట మీదనే గీసిన సార్ నేను. ఒక్కసారన్న పరీక్ష చెయ్యాలనిపియ్యలే. కార్డు పచ్చగున్నది గద అనుకున్న."

"నేను గూడ గదే అనుకున్న."

అనసూయను చూసిన కళ్లతోనే తనను తాను చూసుకోలేకపోయాడు. ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన బతుకంతా కుర్చీలోనే గడిచింది. పొద్దంతా కుట్టు, రాత్రి పొద్దుపోయాక చల్లారిన అన్నం, మధ్యమధ్య టీలు, టీకి నాలుగు బిస్కెట్లు. బిస్కెట్టు మిఠాయి కాదని ఆయన లెక్క. చేతులు కాళ్లు పుల్లల్లా ఉండడంతో నడుము దగ్గర ప్యాంటు బిగుతైన సంగతి వయసు మీదికి తోసేశాడు.

మర్నాడు నఫీసా తన ఆస్పత్రిలో స్కానింగు తీసే పెద్ద యంత్రం కింద ఆయన్ని పడుకోబెట్టింది. బొమ్మ వచ్చాక గోడకు తగిలించి, ఈసారీ పక్కనే కూర్చుంది. కాలేయమంతా పాలు కలిపినట్టు తెల్లబారి ఉంది. రక్తంలో చక్కెర గట్టు మీద నిలబడి అటా ఇటా అని చూస్తోంది.

"అనసూయదసుంటిదేనా?" అని అడిగాడు.

"అసుంటిదే. కాని మేడమ్‌ది మనకు దొరకలే సార్. మీది దొరికింది. దొరికితే తగ్గుతది."

ఆయన తలూపాడు. కానీ ఆయన మనసు తన కాలేయం మీద లేదు.

"నేను బాగున్నరని చెప్పి పంపినోళ్లు పదకొండు మంది ఉన్నరమ్మా," అన్నాడు. "నా లెక్కనే ఉన్నరని చెప్పిన. నిజమే చెప్పిన."

పచ్చ కార్డు అనసూయకు చేసిన పనే తన పట్టీ వాళ్లకు చేసింది. ఆ మధ్యాహ్నమే స్కూటరు తీశాడు. ఫోనులో చెప్పదగ్గ మాట కాదనిపించి ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు విని భయపడ్డారు, కొందరు విసుక్కున్నారు. కాజీపేటలో మొండయ్య అనే దర్జీ మిషను తొక్కడం ఆపి, ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఒక ఏడు కార్డు బాగున్నవన్నది. పోయిన నెల మీరు బాగున్నవన్నరు, నేను చక్కెర గోలీలు బందు పెట్టిన. ఇప్పుడు బాగలేనంటున్నరు. ఎవల మాట ఇనాలె సారూ?"

"గోలీలు మాత్రం ఇయ్యాల్నే మొదలుపెట్టు మొండయ్యా. రేపు ఆస్పత్రికి వచ్చి బొమ్మ తీపిచ్చుకో, నేనే తీస్కపోత. నేను నా కొలతతోని నీ బట్ట కుట్టిన. తప్పు నాదే."

మొండయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీ కొలతతోని కుడితే ఎవలకు పడుతది సారూ, మీరు పుల్ల లెక్కుంటరు," అని, లోపలికి కేకేశాడు. "రెండు చాయ్‌లు పెట్టుండ్రి. చక్కెరెయ్యకుండ్రి, ఇద్దరికి."

పదకొండు మందికీ లోపల కొవ్వు పేరుకుందని తేలింది, నలుగురికి అది రోగం దాకా ముదిరింది. నలుగురికీ ఇంకా సమయం ఉంది. ఆ మాట విన్న రాత్రి సదానందం చాలా రోజుల తర్వాత మంచం మీద పడుకోగానే నిద్రపోయాడు.

*

జాతర ముగిశాక జగన్నాథం మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. అప్పటికి పట్టీలో ఎవరి ఒళ్లూ సున్నగా లేదు. లావూ సన్నమూ, ఆడా మగా, కూలీలూ కుర్చీలో కూర్చునేవాళ్లూ కలిపి ముప్ఫై మందిని నఫీసా పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి తీసిన కొలతలతో పట్టీకి కొత్తగా లెక్క నేర్పారు.

సారికకు పట్టీ కట్టారు. ఈసారి అడ్డగీత లేదు. చిన్న అంకె, తనంత తానుగా నిలబడ్డ అంకె. పక్కన పెద్ద యంత్రం తీసిన బొమ్మలో కాలేయం నల్లటి నేలలా శుభ్రంగా ఉంది.

"అంటే లావైతే ఏం కాదంటారా?" అన్నాడు జగన్నాథం.

"అట్ల అనను సార్," అంది నఫీసా. "ఎర్ర కార్డు వాళ్లల్ల చాలామందికి లోపల గూడ ఉన్నది. వాళ్ల పేర్లు నేనే ఆస్పత్రిల రాసుకున్న. అందరికి ఉన్నది అనేదే తప్పు. పచ్చ కార్డుంటే లేదనేది అంతకన్న పెద్ద తప్పు."

జగన్నాథం కాసేపు పట్టీని వేళ్లతో తడిమాడు. బక్కపల్చటి మనిషి. ఆయన చొక్కా జేబులోంచి పచ్చ కార్డు అంచు కనిపిస్తోంది.

"నాక్కూడా ఒకసారి కట్టండి మాస్టారూ, ఊరికే," అన్నాడు.

కట్టారు. రొద ఆగింది. అంకె వెలిగింది. పెద్ద అంకె. సదానందం వెళ్లి కుర్చీ తెచ్చి, ఆయన పక్కన వేసుకుని కూర్చున్నాడు. నిలబడి చెప్పే మాటలు కావవి.

"మా నాన్నగారూ సన్నగానే ఉండేవారండీ," అన్నాడు జగన్నాథం కాసేపయ్యాక.

"మా ఆవిడ గూడ," అన్నాడు సదానందం. "నాకు గూడ ఇదే వచ్చింది సార్, మొన్ననే. తగ్గుతదంటున్నరు. పొద్దున నడుస్తున్న. మీరు ఈ ఊర్లె ఉన్న రోజుల్ల నాతోని రాండ్రి, ఒక్కన్నే నడవాలంటె బద్ధకమైతాంది."

జగన్నాథం నవ్వాడు. లేచి చొక్కా సర్దుకుంటూ సారిక వైపు తిరిగాడు.

"వేసవిలో ఏటూరునాగారం దగ్గర పరీక్ష పెడుతున్నామమ్మా. రా. కార్డులు చూసే గేటు దగ్గర నేనుంటాను, పంపిస్తాను. నీళ్లలోకి దిగాక నీ పని నీదే. అక్కడ నేను చేసే సాయం ఏమీ ఉండదు."

"అక్కడ నాకు సాయం అక్కర లేదు సార్," అంది సారిక.

అక్కర లేకపోయింది. మనిషంత ఎత్తున్న, ఇసుక నింపిన బొమ్మను సుడిలోంచి లాక్కుని ఒడ్డుకు చేర్చి, దాన్ని భుజాన వేసుకునే పైకి నడిచి వచ్చింది. ఆమె వెనక పచ్చ కార్డు కుర్రాళ్లు ఇద్దరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. గట్టు మీద గొడుగు కింద కూర్చున్న సదానందం చప్పట్లు కొడదామనుకున్నాడు. చేతులు లేవలేదు, కళ్లు తుడుచుకోవడంలో ఉన్నాయి.

*

మరుసటి ఏడు, రెండు పెద్ద జాతరల నడుమ వచ్చే చిన్న జాతరకు సారిక మంగపేట క్యాంపు నుంచి సెలవు మీద వచ్చింది. ఆ వానాకాలం గోదావరి రెండుసార్లు పొంగింది. ఆమె లాగిన వాళ్లలో ఒక ముసలామె ఇప్పటికీ ఫోను చేసి, తిన్నవా బిడ్డా అని అడుగుతుంది.

చిన్న జాతరకు మొక్కు లేకపోయినా ఈసారి బీటుబజారుకు పోదామన్నది ఆమే. నాగభూషణం దుకాణంలో కరెంటు కాంటా బాగైంది. కొత్త అద్దం తళతళలాడుతోంది.

"అది వద్దు కాకా. పాతదే కట్టు. బాపు కూసుంటడు."

"మల్లనా? సారూ, మీ బరువెంత ఇప్పుడు?"

"యాభై ఎనిమిదే," అన్నాడు సదానందం.

నిజంగానే అదే, లోపల తగ్గినంత కాళ్లకు కండ పట్టింది. ఏడాది పొడుగునా తెల్లారగట్ల నడక, టీలో చక్కెర లేదు, బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు సూదులూ దారాలూ, రాత్రి పొద్దు వాలకముందే జొన్నరొట్టె. కాలేయం బొమ్మలో తెలుపు సగానికి పైగా వెనక్కి తగ్గింది, రక్తంలో చక్కెర గట్టు దిగి ఇవతలికే వచ్చింది. కార్డు అప్పుడూ పచ్చే, ఇప్పుడూ పచ్చే. రోగం వచ్చిందని దానికి తెలియలేదు, పోతోందనీ తెలియలేదు.

సారిక తన పళ్లెంలో ముందే ఎక్కి కూర్చుంది, లైనులో ఉన్నవాళ్లకు కనబడేట్టు ఇటు తిరిగి. "రెండు కిలోలు పెరిగి ఉంట బాపూ, తెడ్డేసి తెడ్డేసి. అమ్మ ఉంటే సంబురపడేది."

"పడేది," అన్నాడాయన.

రెండో పళ్లెం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. భుజాన ఉన్న సంచి నేల మీద పెట్టాడు. శాలువా తీసి మడిచి దాని మీద పెట్టాడు. జేబులోంచి స్కూటరు తాళాలు, కళ్లద్దాల పెట్టె తీసి శాలువా మీద ఉంచాడు.

సారిక నవ్వుతూ చూస్తోంది. "ఇంకేమన్న దాసుకున్నవా?"

సదానందం పళ్లెంలోకి ఎక్కి, మఠం వేసుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కొంచెం ఉన్నది బిడ్డా," అన్నాడు. "తగ్గుతాంది."